నిద్రమందు

ఇంగ్లండులో లీడ్స్ మిల్లుల పేటలో ఎవరు పోయినా, ఎందుకు పోయారో సర్కారు రిజిస్టరులో రాసేది సైలస్ హోల్‌రాయిడ్. ఆయన ఇంటి ముందుగదే ఆఫీసు. ఏడుస్తూ వచ్చినవాళ్లకి ముందు టీ ఇప్పించి, ఆ తర్వాతే కలం పట్టేవాడు. పేటలో మంచివాడని పేరు.

ఒకరోజు మిల్లులో పనిచేసే కెజయా వచ్చింది. చంటికొడుకు పోయాడు.

"పళ్లొస్తున్నాయయ్యా. ఒకటే ఏడుపు. తెల్లారితే మిల్లుకెళ్లాలి కదా, నిద్రమందు ఇంకో రెండు చుక్కలు పట్టా. హాయిగా పడుకున్నాడు. మరి లేవలేదు."

సైలస్ చెయ్యి ఆగిపోయింది. పిల్లలకని అంగట్లో అమ్మే ఆ నిద్రమందు సీసాలో ఉండేది నల్లమందని ఆయనకు తెలుసు. ఆ మాట రాస్తే విచారణ జరుగుతుంది. బిడ్డను కోస్తారు. ఇలాంటి విచారణలు జరిపే సారాకొట్టు మేడగదిలో పదిమంది ముందు ఈమెను నిలబెట్టి, నువ్వే చంపావా అంటారు. ఆమె మొహంలోకి చూశాడు. మందు మీద ఆమెకు అనుమానమే లేదు.

"పళ్లు రావడం వల్ల" అని రాసి, "నీ తప్పేం లేదమ్మా, వెళ్లిరా" అన్నాడు. మంచిపని చేశాననుకుని ఆ పూట తృప్తిగా భోంచేశాడు.

నెల తిరక్కుండానే అదే సందులోంచి డైనా వచ్చింది, కూతురు పోయిందని. ఏడుపు, చుక్కలు, నిద్ర. అదే కథ.

"ఆ సీసా ఎక్కడిదమ్మా?"

"కెజయా ఇచ్చిందండీ. 'మావాడు దీంతోనే కాస్త కునుకు తీసేవాడు, మిగిలింది నీ పిల్లకి పట్టు' అంది."

సైలస్ కలం కింద పెట్టేశాడు. కోటు తగిలించుకుని విచారణ అధికారి దగ్గరికెళ్లి, రెండు చావుల సంగతీ చెప్పేశాడు.

డైనా తెలియక చేసిందని వదిలేశారు. సైలస్‌ని మందలించి ఊరుకున్నారు. ఉద్యోగం ఊడితేనే నయంగా ఉండేదనిపించింది ఆయనకు.

మర్నాడు కెజయా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా కొడుకూ దాంతోనే పోయాడా?"

"అవునమ్మా."

"ఆరోజే తెలుసా మీకు?"

"తెలుసు. నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకుంటానో లేదో మీకెలా తెలుసు? ఆరోజే చెప్పుంటే ఆ సీసా కాలవలో పారేసేదాన్ని. నా చేత్తో తీసుకెళ్లి డైనాకిచ్చానయ్యా."



ఆ తర్వాత ఎవరొచ్చినా సైలస్ బిడ్డకేం పట్టారని గుచ్చిగుచ్చి అడిగేవాడు. పోలీసోడిలా తగులుకున్నాడని జనం తిట్టుకున్నారు. సాయంత్రాలు ఇంటింటికీ తిరిగి నిద్రమందు పారబోయమని బతిమాలేవాడు. చాలా ఇళ్లలో కెజయా అప్పటికే వచ్చి పారబోయించి వెళ్లింది. ఒకసారి ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర ఎదురుపడ్డారు. సైలస్ టోపీ తీశాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. పక్కింటి తలుపు తట్టింది.