మూలన ఒక సర్వీ కర్ర

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఒకవేళ ఉన్నా, నాతో వాటికేం పని ఉంటుంది అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గర మూడు ఫొటోలున్నాయి. వాటిని ఏం చేయాలో తెలియడం లేదు.

నేను పాత కాంక్రీటు కట్టడాలను ఫొటోలు తీస్తుంటాను. రంగు లేకుండా, పోత పోసినప్పటి చెక్కల గీతలు ఇంకా ఒంటి మీద ఉన్నవాటిని. ఎండ జరిగే కొద్దీ వాటి ముఖం మారుతుంది. గంటలు నిలబడి చూస్తాను. మా అవ్వ మాత్రం ఆ ఫొటోలు చూసి, సున్నం వేయడం మరిచిపోయారా అంటుంది.

మంచిర్యాల దగ్గర ఒక గని కాలనీలో మూతబడ్డ క్లబ్బు ఉండేది. దాని ముందు స్తంభాల్లేకుండా గాల్లోకి చొచ్చుకొచ్చిన పెద్ద పోర్టికో. నలభై ఏళ్ల కింద దానికి సెంట్రింగ్ కొట్టింది మా బాపే, అప్పుడే మేస్త్రీ అయిన కొత్తలో. నిర్మల్‌లో ఇంకో పనికి కర్ర తక్కువైందని, స్లాబు కింద నిలబెట్టిన సర్వీ కర్రల్లో ఒకదాన్ని గడువుకు నాలుగు రోజుల ముందే లాగేశాడు. స్లాబు పడలేదు. బాపు మాత్రం ఆ తర్వాత ఒక్కసారి కూడా దాని కింద నిలబడలేదు. ఎక్కడ ఏ మేడ కూలిందని వార్త వచ్చినా మంచిర్యాలలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, గా క్లబ్బు ఉన్నదా అని అడిగేవాడు. మా ఇంట్లో ఇదో పాత జోకు.

మొన్న ఎండాకాలం దాన్ని కూలగొడతారని తెలిసి, హుజూరాబాద్ నుంచి వెళ్లాను. పొద్దున పదకొండు. పోర్టికో కింద ఒక కుక్క తప్ప ఏమీ లేదు. మూడు ఫొటోలు తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే, మూడింటిలోనూ ఎడమ మూలన ఒక కర్ర. నేల నుంచి స్లాబు దాకా. లెన్సు మీద వెంట్రుక అనుకున్నాను. వెంట్రుకకు నేల మీద నీడ పడదు కదా.

బాపుకు చెప్పాను. ఆయన లేవలేదు. దూరం నుంచే, "ఎర్రగుడ్డ ఉన్నదా జూడు" అన్నాడు.

పెద్దది చేసి చూశాను. ఉంది. అన్నిటికంటే చివర తీయాల్సిన కర్రకు ఎర్రగుడ్డ కట్టడం సెంట్రింగ్ వాళ్ల అలవాటట. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఆయన లాగింది ఏ మూలదో కూడా తెలియదు.

"గా మూలదే నేను గుంజింది. ఇంక నాలుగొద్దులు ఉండాలె."

తెల్లారి నాతో బస్సెక్కాడు. కిటికీ మూస్తూ తెరుస్తూనే ఉన్నాడు. కరీంనగర్‌లో బస్సు మారేటప్పుడు వాపస్ పోదామన్నాడు. చివరికి పోర్టికో ముందు చెప్పులు విడిచాడు. ఇది గుడి కాదు బాపూ అన్నాను.

"నీకేం ఎరుకరా" అని, నేరుగా ఆ మూలకు వెళ్లి నిలబడ్డాడు. చాలాసేపు పైకి చూశాడు. "పగులు గూడ రాలే."

అప్పుడు తీసిన ఫొటోల్లో కర్ర లేదు. ఆ చోట బాపు ఉన్నాడు.

రిపేరు షాపులో కెమెరా చూపిస్తే, అంతా మంచిగనే ఉంది, లెన్సు తుడుచుకో అన్నారు. తుడిచాను. పాత మూడు ఫొటోల్లో కర్ర ఇంకా ఉంది. క్లబ్బును మాత్రం కూలగొట్టేశారు. బాపు ఫోన్లు చేయడం మానేశాడు.

నేను మాత్రం ఏ పోర్టికో కింద నిలబడ్డా ముందు ఎడమ మూల చూస్తున్నాను.