వేలి కొసతో తట్టిన చెక్క

మా పాప పగలు రెండుసార్లు పడుకుంటుంది. పొద్దున పదిన్నరకు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి. పడుకుంటే నలభై నిమిషాలు, మహా అయితే గంట. ఆ గంటల్లోనే నేను ఒక గిటార్ చేశాను.

చేశాను అనడం కూడా సగం నిజమే. మొదలుపెట్టింది మా బాపు. శాలిబండలో రోడ్డు మీంచి లోపలికి, మూడో గల్లీలో ఆయనది రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో హార్మోనియంలు, వయొలిన్లు, వీణలు బాగుచేసేవాడు. వెనక గదిలో మేమిద్దరం బతికేవాళ్ళం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నేను బీకాం చదివి, రెండేళ్ళు ఒక ఆఫీసులో పనిచేసి, పెళ్ళి చేసుకుని, కాన్పుకి మళ్ళీ ఆ ఇంటికే వచ్చాను. ఏడో నెలలో ఉండగా బాపు గుండె ఆగి పోయాడు. మా ఆయనకు రామగుండంలో ప్లాంటు ఉద్యోగం. క్వార్టర్ ఇంకా రాలేదు. రెండు వారాలకోసారి శనివారం వస్తాడు, ఆదివారం రాత్రి రైలుకి వెళ్ళిపోతాడు. అలా నేనూ పాపా ఆ రెండు గదుల్లోనే ఉండిపోయాం.

పెద్దవాళ్ళెవరూ నాతో ఒక్క మాట మాట్లాడని రోజులు ఉండేవి. పాలవాడు కూడా ప్యాకెట్ గొళ్ళానికి తగిలించి వెళ్ళిపోతాడు. సాయంత్రం ఫోనులో మా ఆయనతో మాట్లాడబోతే మొదట గొంతు పెగిలేది కాదు.

పాపకు ఆరో నెల నడుస్తుండగా ఒక పెద్దాయన వచ్చాడు. బాపు దినాలకు వచ్చి, మూలన నిలబడి వెళ్ళిపోయిన మనిషే. బాపు ఆయనను డ్రైవర్ సాబ్ అనేవాడు.

"అడగాల్నా వద్దా అని ఇన్ని దినాలు ఆగిన బిడ్డా. నా గిటార్ ఏడిదాకా వచ్చిందో చూసి పోదామని."

గల్లీ అంతా వినబడేలా అన్నాడు. నేను పెదవుల మీద వేలు పెట్టి, "పాప పడుకున్నది కాకా," అన్నాను.

"ఏందీ?"

"పాప..."

"గట్టిగ చెప్పు బిడ్డా, నాకు ఇనబడదు."

ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరుకి ఎడమ పక్కనే ఉండేది. ఏళ్ళ తరబడి ఆ మోత విని విని ఎడమ చెవి దాదాపు పోయింది. కుడిది పోతూ ఉంది. ఆదివారాలు చర్చిలో గిటార్ వాయిస్తాడు. కీబోర్డు, డ్రమ్ముల మధ్య ఆయన వాయించేది ఆయనకే వినబడదు. చెవి మిషన్ పెట్టుకుంటే గిటార్ చప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్ళలా ఉంటుందట.

"మొన్న పాట అయిపోయినంక గూడ వాయిస్తనే ఉన్న. పోరగాండ్లు ఒకటే నవ్వుడు. తాతా, స్టాపు దాటిపోయినవ్, బండి ఆపు అన్నరు."

ఆయన కూడా నవ్వాడు గానీ, చేతులు మాత్రం మోకాళ్ళను గట్టిగా పట్టుకున్నాయి.

అందుకే బాపు ఆయన కోసం ఆర్చ్‌టాప్ గిటార్ చేయడం మొదలుపెట్టాడు. మామూలు గిటార్ పైచెక్క బల్లపరుపుగా ఉంటుంది. దీని పైచెక్క వయొలిన్‌లా మధ్యలో ఉబ్బి అంచులకు దిగుతుంది. ఆ ఉబ్బు చెక్కను వంచితే వచ్చేది కాదు. మందపాటి చెక్కను తీసుకుని పైనుంచి ఒకసారి, లోపలినుంచి ఒకసారి చెక్కుకుంటూ రావాలి. కుదిరితే గొంతు పెద్దదవుతుంది. దానికి తోడు బాపు పక్కచెక్కలో, వాయించేవాడి మొహం వైపుకి, చిన్న రంధ్రం కోశాడు. చప్పుడు అటునుంచి నేరుగా డ్రైవర్ సాబ్ చెవికి వెళ్ళాలని. దాన్ని ఆయన కిటికీ అనేవాడు.

వీణకు వాడే పనస కర్రతో వెనకభాగం అయింది. మెడ అయింది. పైచెక్క బయటివైపు ఉబ్బు కూడా బాపే తెచ్చాడు. దాని లోపలివైపు తొలవడమే మిగిలింది. ఎవరో హిమాచల్ నుంచి తెచ్చి ఇచ్చిన స్ప్రూస్ చెక్క అది. పన్నెండేళ్ళు మా బీరువా మీద ఆరింది. ఇంట్లో అలాంటిది ఇంకోటి లేదు.

"చెవి ఉండంగనే కావాలె బిడ్డా," అన్నాడు డ్రైవర్ సాబ్ లేస్తూ. "పోయినంక ఎంత మంచిది చేస్తే ఏంది?"

"నేను చేస్త కాకా," అన్నాను.

అంత ధైర్యం ఎక్కడిదో నాకు తెలియదు. ఆయన అరగంట కూర్చుని నాతో మాట్లాడాడు. బహుశా అందుకే అన్నాను.

ఆ సాయంత్రం ఫోనులో మా ఆయన, "నీకొస్తదా?" అన్నాడు.

"చిన్నప్పటి సంది చూసిన గదా."

"చూసుడు వేరు, చేసుడు వేరు. ఉలి పట్టుకొనే పాపను ఎత్తుకుంటవ్ నువ్వు."

"పాప పడుకున్నప్పుడే చేస్త."

"అయితే దాని పెండ్లికి గిటార్ రెడీ అయితది."

ఆయన భయం కన్నా నా భయం పెద్దది. రంపపు పొట్టు పాప ముక్కులోకి పోతుందని రెండు గదుల మధ్య తడిపిన దుప్పటి కట్టాను. ఉలుల పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పిన్నీసుతో నల్లపూసల గొలుసుకు తగిలించుకున్నాను. పని మధ్యలో పదినిమిషాలకోసారి వెళ్ళి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. వెచ్చగా తగిలితే తిరిగి వచ్చేదాన్ని. దుప్పటి దాటేలోపు మళ్ళీ అనుమానం వచ్చేది.

తొలిచే పని నేను అనుకున్నంత కష్టం కాలేదు. మొదట వంకర ఉలి, తర్వాత చిత్రిక పట్టే బొటనవేలంత రందా. గిరజాల్లాంటి పొరలు లేచి ఒడిలో పడేవి. కష్టమంతా ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. బాపు చెక్కను పై అంచున రెండు వేళ్ళతో వేలాడదీసి, చెవి దగ్గర పెట్టుకుని, మధ్యవేలి కణుపుతో కొట్టేవాడు. చెక్క మందంగా ఉంటే తలుపు కొట్టినట్టు టక్కుమని ఆగిపోతుంది. పలచబడేకొద్దీ చప్పుడుకు తోక మొలుస్తుంది.

"తోక రాంగనే చెయ్యి ఆపాలె. ఆశకు పోతే తోకే మిగుల్తది, చెక్క మిగలదు," అనేవాడు.

నేనూ అలాగే వేలాడదీసి తట్టాను. కానీ కణుపుతో కాదు, వేలి కొసతో. మెత్తగా. పాప లేస్తుందని.

మా గల్లీలో పొద్దంతా ఆటోలు తిరుగుతాయి. పక్క సందులో వెల్డింగ్ షాపు. పెళ్ళిళ్ళ రోజుల్లో మర్ఫా డప్పులు వాయిస్తూ వెళ్తే మా గిన్నెలు కదులుతాయి. వీటన్నిటిలో పాప నోరు తెరుచుకుని నిద్రపోయేది. నా వేలి కణుపుకి మాత్రం లేస్తుందని నాకు గట్టి నమ్మకం.

వేలి కొసతో తడితే చెక్క టప్పుమనేది. తోక లేదు. ఇంకా మందంగా ఉందనుకుని ఇంకో పొర తీసేదాన్ని. మర్నాడు మళ్ళీ టప్. ఇంకో పొర. మధ్యలో ఆరు మిల్లీమీటర్లు ఉండాలని పక్కచెక్క లోపల బాపు పెన్సిల్‌తో రాసి పెట్టాడు. ఆ అంకె రోజూ నా కళ్ళ ముందే ఉంది. కానీ చెక్క మధ్యలో కొలవాలంటే పొడుగు కాళ్ళ కాలిపర్ కావాలి. అది పక్కింటి ఖాలా వాళ్ళబ్బాయి లేత్ షాపులో ఉంది. వెళ్ళి అడగాలి. తలుపు తట్టి మనిషిని అడగడం కన్నా చెక్కను తట్టడమే నాకు సులువనిపించింది. ఆరు వారాలు అలాగే చేశాను.

ఒకరోజు మధ్యాహ్నం పాప త్వరగా లేచింది. చాప మీద కూర్చోబెట్టి, చెక్కను పక్కన ఆనించి, ఉగ్గు తేవడానికి వెనక గదిలోకి వెళ్ళాను. పాప చేతిలో చెక్క గరిటె ఉంది.

టంగ్‌మంది.

నేను గిన్నె పట్టుకుని రెండడుగులు వేసేదాకా ఆ చప్పుడు పోలేదు. తోక అంత పొడుగుంది. పాప నా మొహం చూసి నవ్వి, మళ్ళీ కొట్టింది. గిన్నె కింద పెట్టి, చెక్కను అందుకుని, కణుపుతో కొట్టి చూశాను. అదే మోత. ఎండకేసి పట్టుకుంటే మధ్యలో ఎర్రగా వెలుగు కనబడింది, టార్చి మీద వేళ్ళు పెడితే కనబడినట్టు.

అప్పుడు వెళ్ళాను పక్కింటికి, పాపను చంకనేసుకుని.

"క్యా హువా బేటీ, రో రహీ క్యా?" ఏడుస్తున్నావా అని అడిగింది ఖాలా తలుపు తీస్తూనే.

"కుఛ్ నహీ ఖాలా. కాలిపర్ హోనా."

ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, పాపను లాక్కుని, కొడుకుని కాలిపర్ తెమ్మని కేకేసింది. "ఇత్నే దిన్ సే బాజూ మే హై, ఆజ్ ఆయీ," అని గొణిగింది. ఇన్నాళ్ళూ పక్కనే ఉండి ఇవాళ వచ్చావా అని.

కొలిస్తే నాలుగు కన్నా తక్కువ వచ్చింది. ఆరు ఉండాల్సిన చోట. తీగలు బిగిస్తే ఆ లాగుడంతా, తీగలను మోసే చిన్న వంతెన మీదుగా చెక్క ఉబ్బు మీద పడుతుంది. ఇంత పలచన చెక్క మెల్లగా కిందికి కుంగిపోతుంది. ఒకసారి కుంగితే మళ్ళీ లేవదు. తీసిన పొరను తిరిగి అతికించడం బాపు చేతిలో కూడా లేని పని.

మూడు రోజులు పనిబల్ల దగ్గరికి పోలేదు. చెప్పకుండా చేసి ఇచ్చేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచించాను. ఏడాది తర్వాత కుంగితే వాతావరణం అనొచ్చు. నాలుగో రోజు డ్రైవర్ సాబ్‌కి ఫోన్ చేశాను.

ఆయన వచ్చేసరికి పాప పడుకునే ఉంది. అయినా గట్టిగానే చెప్పాను. ఆయనకి గుసగుసలతో చెప్పగలిగే తప్పు కాదు అది. ఆయన చెక్క మీదికి వంగి చూశాడు.

"మీ బాపు అయితే..." అని, ఆగిపోయాడు. "పోయినట్టేనా మరి?"

"పోలేదు. కుంగొచ్చు."

"ఏదీ, ఇటు పట్టు."

ఆయన కుడి చెవి దగ్గర పట్టుకుని, కణుపుతో కొట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకోసారి."

కొట్టాను.

"ఇంకోసారి కొట్టు బిడ్డా, గట్టిగ."

కొట్టాను. దుప్పటి అవతల పాప కదల్లేదు. ఆయన కళ్ళు తెరిచి అటు చూశాడు.

"పిల్ల లేసిందా?"

"లేదు కాకా. పడుకున్నది."

"మరి దొంగలెక్క తట్టుడెందుకు నీ ఇంట్ల నువ్వు?"

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఆయన అది అయ్యేదాకా గోడ మీది క్యాలెండరు చదువుతూ కూర్చున్నాడు.

"సన్న తీగెలు కట్టి, లోపల ఆసరాకు బద్దలు మందంగా, ఒకదానికొకటి అడ్డంగా వేస్తే ఆగొచ్చు," అన్నాను ముక్కు తుడుచుకుని. "ఆగకపోవచ్చు గూడ."

"ఎన్నొద్దులు ఆగుతది?"

"తెల్వదు."

"నా చెవి ఎన్నొద్దులు ఆగుతదో డాక్టర్‌కు గూడ తెల్వదు. ఎయ్యి."

బాపు రెండు బద్దలు పక్కపక్కన వేయాలనుకున్నాడు. నేను గుణకారం గుర్తులా, సరిగ్గా వంతెన కిందికి వచ్చేలా వేశాను. పెట్టె మూసి, మెడ అతికించి, రంగు వేయకుండా పలచగా లక్క మాత్రం పూశాను. ఇది చేసిన రోజుల్లో కణుపుతోనే కొట్టి చూసుకున్నాను. పాప రెండుసార్లు లేచింది. మళ్ళీ పడుకుంది.

తీగలు కట్టిన రోజు గిటార్‌కి అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి ఉబ్బు ఎంతుందో కొలిచాను. రెండో రోజు చూస్తే పోస్టుకార్డు మందం దిగింది. మూడో రోజు ఇంకో కార్డు. నాలుగో రోజు దిగలేదు. ఐదో రోజూ దిగలేదు. పదిరోజులు అలా చూసి ఆయనను పిలిచాను.

డ్రైవర్ సాబ్ బాపు కుర్చీలో కూర్చుని, గిటార్ ఒళ్ళో పెట్టుకుని, కుడి చెవి ఆ కిటికీ మీదికి వచ్చేలా తల వంచాడు. ఒక చర్చి పాట ఎత్తుకున్నాడు. సగంలో ఆపేశాడు.

"ఏమైంది కాకా? ఇనబడుతలేదా?"

"నా తప్పులన్నీ ఇనబడుతున్నయి బిడ్డా," అన్నాడు. "ఇన్నేండ్లు గిట్ల వాయించిననా నేను? ఒక్కడు చెప్పకపాయె!"

మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. పాప పాక్కుంటూ వచ్చి గిటార్ అడుగున అరచేయి ఆనించి కూర్చుంది. తప్పు వచ్చినప్పుడల్లా ఆయన చిన్నపిల్లాడిలా నాలుక కరుచుకున్నాడు.

వెళ్ళేటప్పుడు గిటార్‌ను మెత్తటి దుప్పటిలో చుట్టి ఇచ్చాను. "నెలకోసారి తేవాలె కాకా. ఉబ్బు కొలవాలె. మర్చిపోవద్దు," అన్నాను.

"నెలకోసారా?"

"అవును. కుంగుడు మొదలైతే ముందే తెలుస్తది."

"తెస్త తియ్యి," అన్నాడు.

ఆయన గల్లీ మలుపు తిరిగాక తలుపు వేసుకున్నాను. పనిబల్ల ఖాళీగా ఉంది. మూడింటికి పాప పడుకుంది. ఆ గంట ఏం చేయాలో తోచక బల్లను రెండుసార్లు తుడిచాను. తర్వాత కాలిపర్ తిరిగి ఇవ్వడానికి ఖాలా వాళ్ళ తలుపు తట్టాను. ఎవరూ లేరు. పొడుగు కాళ్ళ కాలిపర్ పట్టుకుని గల్లీలో కాసేపు నిలబడి, మళ్ళీ ఇంట్లోకి వచ్చాను.

ఆయన గిటార్ తీసుకెళ్ళి మూడు వారాలు కావస్తోంది. పాపను పడుకోబెట్టి, రాత్రి ఈ నాలుగు మాటలు రాసుకుంటున్నాను. స్టీలు స్కేలు పక్కనే ఉంది. డ్రైవర్ సాబ్ రావడానికి ఇంకా పదకొండు రోజులు. పదిరోజులు కదలని చెక్కను మూడు నెలలకోసారి కొలిస్తే చాలు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా నెలకోసారి అన్నాను.