టైరుకు జ్వరం చూసే నపారి మాస్టరు

నపారి మాస్టరుది ఒకటే మంకుపట్టు. ఎండలో పరిగెత్తుకొచ్చిన టైరులో గాలి ముట్టుకోడు. కుమాసీ నుంచి తమలే వెళ్లే బస్సులు మా ఊరు బుయిపెలో ఆయన టైర్ల రిపేరు పాక ముందు ఆగుతాయి. పక్కనే అలసందల అన్నం అమ్మే కొట్టు నాది. డ్రైవర్లందరిదీ ఒకటే పాట.

"టైర్లు ఉబ్బాయి మాస్టరూ, కాస్త గాలి తీసెయ్."

మాస్టరు టైరు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటాడు. మా ఆసుపత్రిలో డాక్టరు కూడా రోగిని అంతసేపు చూడడు.

"జ్వరం."

"జ్వరమేంటి? గాలి ఎక్కువైంది!"

"ఎక్కువ కాలేదయ్యా, కాగింది. కాగిన గాలి లోపలి నుంచి తోస్తుంది. ఇప్పుడు తీసేస్తే చల్లారాక టైరు మెత్తబడుద్ది. మెత్తటి టైరు బరువుకి నలిగి, ఇంకా కాగి, పగుల్తది. నీడలో పెట్టు."

"ఎంతసేపు?"

"జ్వరం నాకు చెప్పి వచ్చిందా, చెప్పి పోవడానికి?"

ఒకసారి ఓ పెద్ద అధికారి జీపు సైరను మోగిస్తూ వచ్చింది. "మోగించుకో. చల్లారుతుందేమో చూద్దాం" అన్నాడు మాస్టరు. అధికారి గంటన్నర నా కొట్లో కూర్చుని మూడు పళ్లాలు తిన్నాడు.

మొన్న పొద్దుటి నుంచీ వాన. డ్రైవరు వుంబే తెచ్చిన బస్సు చక్రాల నుంచి నీళ్లు కారుతున్నాయి. మాస్టరు చెయ్యి వేశాడు.

"జ్వరం. మూడు గంటలు."

"తడిసిన టైరుకి జ్వరమేంటి మాస్టరూ?" నవ్వాను.

"నువ్వు అన్నం వడ్డించక్కా!" అని కసిరాడు.

ఇంతలో వుంబేకి కుమాసీ నుంచి బస్సు ఓనరు ఫోను. అరుపులు నా కొట్టు దాకా వినబడుతున్నాయి. మాస్టరు ఫోను లాక్కున్నాడు.

"పోనిస్తాను సార్. పగిలితే కొత్త టైరు మీరే కొనాలి."

అరుపులు ఆగిపోయాయి. బస్సులో నలభై మంది ప్రాణాలకు కరగని మనిషి ఒక్క టైరుకు కరిగిపోయాడు!

వెళ్లి టైరు ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

మాస్టరు గొంతు తగ్గించాడు. "వుంబే కళ్లు చూశావా? రెండు రోజుల్నుంచి నిద్ర లేదు. నిద్రొస్తోందంటే ఉద్యోగం ఊడుద్ది. టైరు కాగిందంటే ఊడదు."

వుంబే అప్పటికే బల్ల మీద ఒరిగిపోయాడు.

గంట తర్వాత ఓ ముసలమ్మ బస్సు దిగి గద్దించింది. "ఏమయ్యా, టైరుకి జ్వరం తగ్గిందా?"

మాస్టరు బల్ల వైపు చూస్తూ పరధ్యానంగా అన్నాడు: "ఎక్కడమ్మా, ఇంకా గురక పెడుతోంది."

ముసలమ్మ బస్సును చూసింది, బల్లను చూసింది. గిర్రున తిరిగి బస్సులోని వాళ్లను కసిరింది.

"నెమ్మదిగా మాట్లాడండర్రా! టైరు నిద్రపోతోంది."