మాల వేసుకున్న మూడో రోజు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, కార్తీక మాసం మొదట్లో, బందరులోని ఒక మద్య విమోచన కేంద్రం నన్ను గుడివాడ శిక్షణ శిబిరానికి ప్రాక్టికల్స్ ట్రైనరుగా వేసింది. అంతకు ముందు నా హోదా సీనియర్ ఫీల్డ్ వర్కరు. దానికీ ముందు నా హోదా, బ్రాందీ షాపులకి సోడాలు వేసే మనిషి. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి ఉద్యోగంలోకి ఎందుకు తీసుకున్నారంటే, బందరులో ఎవరు ఏ పూట ఎంత తాగుతారో నాకు నోటికి వచ్చు. అది ఏ కాలేజీలోనూ చెప్పరు.

మా పనిలో మెట్లున్నాయి. పైన డాక్టరు గారు. మందులు రాసేది ఆయన ఒక్కరే. తర్వాత కౌన్సిలరు, మనిషిని కూర్చోబెట్టి మాట్లాడేది ఆయన. కింద సహాయ కార్యకర్త. ఊళ్లోకి వెళ్లి, తాగే మనిషిని వెతికి, మాట కలిపి, పై ఇద్దరి దగ్గరికీ చేర్చాలి. ఆ మనిషి రాకపోతే పై ఇద్దరూ ఫ్యాను కింద పేపరు చదువుకోవాల్సిందే. గుడివాడ శిబిరం ఈ కార్యకర్తల కోసమే. ముందు తరగతులు, తర్వాత ఊళ్లలో ఫీల్డు.

తరగతిలో నాది తాగుబోతు వేషం. శిక్షణకి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే నన్ను పలకరించి మాట్లాడించాలి. సలహా ఇవ్వకూడదు, అడగాలి, విన్నది గుర్తు పెట్టుకోవాలి. కృత్తివెన్ను నుంచి వచ్చిన సువార్త అనే అమ్మాయికి ఈ నియమం మింగుడు పడలేదు. వాళ్ల నాన్నగారు పాస్టరు. ఇంటికి వచ్చినవాళ్లకి ముందు మంచినీళ్లు, వెంటనే మంచిమాట ఇచ్చి అలవాటు.

"అన్నయ్యా, ఎందుకండీ తాగుతారు? పిల్లలున్నారు కదా?" అంది మొదటి రోజు.

"పిల్లలు పుట్టాకే మొదలెట్టానమ్మా," అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. "నాలుగు మంచి మాటలు చెప్పకపోతే మనమెందుకు మాస్టారూ మరి?"

"మంచి మాటలు వాళ్లావిడ రోజూ చెబుతూనే ఉంది, ఊరికే. మనకి జీతమిస్తున్నది ఇంకేదో చేస్తామని."

మూడో రోజు నర్సు గారు వచ్చి విత్‌డ్రాయల్ పాఠం చెప్పారు. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగినవాడు ఉన్నట్టుండి మానేస్తే ఒళ్లు ఎదురు తిరుగుతుంది. వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం. కొందరికి రెండు మూడు రోజుల్లో ఫిట్సు, లేనివి కనబడటం. ప్రాణమూ పోవచ్చు. అందుకని అలాంటివాడు డాక్టరు చూస్తుండగానే మానాలి. ఎవరైనా మానేశానంటే చప్పట్లు కొట్టే ముందు, చివరిసారి ఎప్పుడు తాగావని అడగాలి. చప్పట్లు తర్వాతైనా కొట్టుకోవచ్చు.

ఫీల్డుకి దివిసీమలో, నాగాయలంక దాటాక ఒక ఊరు ఇచ్చారు. ఫీల్డులో మాట్లాడేది శిక్షణలో ఉన్నవాళ్లే. ట్రైనరు వెనక నిలబడి వినాలి, ప్రాణం మీదికి వస్తే తప్ప నోరు విప్పకూడదు. నా ఉద్యోగంలో అంత కష్టమైన డ్యూటీ ఇంకొకటి లేదు.

మేము వెళ్లింది నాంచారయ్య కోసం. రొయ్యల చెరువుకి కాపలా. చెరువుకి అతనే కాపలా, అతనికి కాపలా ఎవరూ లేరు. అంతకు ముందు అతని భార్య నాగమణి మా కేంద్రానికి వచ్చి ఏడ్చి వెళ్లింది. ఆ రోజు మాత్రం గుమ్మంలోనే నవ్వుతూ ఎదురొచ్చింది.

"మీకు శ్రమ లేదండీ ఇంక. మానేశారు. మాల వేసుకున్నారు. స్వామి పీఠం దగ్గరున్నారు."

మొన్నటిదాకా ఆమె మొగుణ్ణి పిలిచిన పేర్లు ఇక్కడ రాయదగినవి కావు. సువార్త నోరు స్తోత్రం చెప్పడానికి తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది.

"చివరిసారి ఎప్పుడు తాగారు వదినా?" అంది.

"మొన్న తెల్లారగట్ట కదండీ మాల వేసింది. ముందు రోజు రాత్రి, ఇదే ఆఖరని కాస్త గట్టిగానే పట్టించారు. నిన్నటి నుంచీ వణికిపోతున్నారు. చన్నీళ్ల స్నానాలు కదా, అలవాటు లేదు."

సువార్త నా వైపు చూసింది. ఇద్దరం పీఠం వైపు నడిచాం. నడిచామని రాస్తున్నాను గానీ, నా వయసులో దాన్ని పరుగనే అంటారు.

పీఠమంటే పందిరి. మాల వేసుకున్న స్వాములు అక్కడే వండుకుని, భజన చేసుకుంటారు. మధ్యాహ్నం భిక్ష వేళ. విస్తళ్లు వేసి ఉన్నాయి, ఎవరూ కూర్చోలేదు. నడుమ నాంచారయ్య చెమటతో తడిసి ఊగుతున్నాడు. పంచె దులుపుకుంటూ "పీతలు! పీతలు!" అని అరుస్తున్నాడు. చుట్టూ శరణుఘోష. స్వామి పూనాడని అందరికీ రూఢి అయిపోయింది. కర్పూరం వెలిగించారు. ఒకాయన దణ్ణం పెట్టి రొయ్య రేటు ఎప్పుడు పెరుగుతుందని అడిగాడు.

"పీతలు!" అన్నాడు నాంచారయ్య.

"పీతల సాగుకి మారమంటున్నారేమో స్వామీ," అన్నాడు పక్కాయన. అడిగినాయన తలాడించాడు.

ప్రాణం మీదికి వచ్చింది గనక నోరు విప్పాను. ఇది పూనకం కాదు, మందు మానిన దెబ్బ, ఆసుపత్రికి తీసుకెళ్లాలని గురుస్వామికి చెప్పాను. ఆ ఊళ్లో మాల వేసేది ఆయనే. చెరువులున్న రైతు, పద్ధతైన మనిషి. నన్ను పరకాయించి చూశాడు.

"స్వామీ, మీరు బందరు సోడాల వెంకన్న కదూ?"

కాదనడానికి లేదు. నా వైద్య పరిజ్ఞానం అంతటితో ముగిసింది.

ఈలోగా నాగమణి వచ్చి అడ్డం నిలబడింది. "ఆసుపత్రికి వద్దండీ. మాల తీయించేస్తారు. మాల పోయిందంటే రేపే సీసా పడతారు. తాయెత్తులూ, నాటు మందులూ అన్నీ అయిపోయాయి. నాకింక ఈ ఒక్క దారే ఉంది."

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. మేము రమ్మంటే రాని మనిషి మాల కోసం మానాడు. ఆ మాల ఉంటే మనిషి పోయేలా ఉన్నాడు, మాల పోతే మనిషి పాతదారి పట్టేలా ఉన్నాడు. ఇక సువార్త గట్టిగా సలహా ఇస్తుందని, దాంతో మమ్మల్ని పందిరి బయటికి పంపుతారని నిశ్చయించుకున్నాను.

ఆ అమ్మాయి తల మీద కొంగు సర్దుకుని గురుస్వామి ముందుకెళ్లింది. "స్వామీ, ఒకటి అడగొచ్చా?"

"అడుగమ్మా."

"కొండకి వెళ్లేటప్పుడు దారిలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు స్వామీ?"

"ఆసుపత్రిలో చూపిస్తాం. పంబ దగ్గరే ఉంది ఆసుపత్రి."

"అప్పుడు మాల తీసేస్తారా?"

"ఎందుకు తీస్తాం? సూదికీ మాలకీ ఏం సంబంధం?"

అని ఆగాడు. నాంచారయ్యని చూశాడు. నాగమణిని చూశాడు. "మాల నేను వేశాను. నేను తీసేదాకా ఎవరూ తీయరు. నేనూ వస్తున్నాను," అని ఆమెతో అని, కారు తెమ్మని కేకేశాడు. నాగమణి పక్కకి జరిగింది.

అవనిగడ్డ చేరకముందే కారులో నాంచారయ్యకి ఫిట్సు వచ్చింది. మా వైపు ఫిట్సు వస్తే చేతిలో ఇనుము పెడతారు. ముగ్గురు స్వాములు మూడు తాళాల గుత్తులు తీశారు. డ్రైవరు కూడా తాళం కోసం చెయ్యి పెట్టాడు; బండి నడుస్తోందని గుర్తు చేయాల్సి వచ్చింది. పాఠంలో చెప్పినట్టే సువార్త అతన్ని పక్కకి ఒత్తిగిల్లజేసి, నోట్లో ఏమీ పెట్టనివ్వకుండా, తల పట్టుకుని కూర్చుంది. అవనిగడ్డలో సూది వేసి బందరు పెద్దాసుపత్రికి పంపారు. వార్డులో మాల అతని మెడలోనే ఉంది. డ్యూటీ డాక్టరు దాన్ని పక్కకి జరిపి గుండె చూసి, మళ్లీ సర్దారు. ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేమన్నారు.

నాంచారయ్య కోలుకుని కొండకి వెళ్లొచ్చాడు. మాల తీసిన నెల లోపే మళ్లీ తాగాడు. నాగమణి అతన్ని మా కేంద్రానికి తీసుకొచ్చింది, ఈసారి డాక్టరు గారు చూస్తుండగా మానాడు. తర్వాతి సంగతులు రాయను. కేసు వివరాలు బయట పెట్టకూడదన్నది మా నియమం. ఇక్కడి పేర్లు కూడా మార్చినవే.

రిపోర్టులో నేను ఒక్క సిఫారసు రాశాను, పైవాళ్లు ఒప్పుకున్నారు. అప్పటి నుంచి నేను రిటైరయ్యేదాకా, కార్తీకానికి ముందు గురుస్వాములకీ, ఈస్టరుకి ముందొచ్చే శ్రమకాల ప్రార్థనలు మొదలవకముందు పాస్టర్లకీ ఒక పూట శిక్షణ పెట్టాం. మా ఊళ్లల్లో మనిషి తాగుడు మానేది కార్యకర్త చెప్పాడని కాదు. దేవుడికి మాటిచ్చి మానతాడు. ఆ మాట పుచ్చుకునేవాళ్లు ముందుగా డాక్టరుకి చూపిస్తే, మాట నిలబెట్టుకోవడానికో తప్పడానికో మనిషి మిగులుతాడు. తప్పినవాడికి రెండోసారి వైద్యం చేయవచ్చు. పోయినవాడికి మా కేంద్రంలో ఏ విభాగమూ లేదు.