అబ్బీకి పెట్టిన ముద్ద

కువైట్‌లోని సల్వాలో నేను పనిచేసే ఇంటికి కుక్క వచ్చిన రోజు నాకు ఒళ్లు మండింది. ఆరుగురి బట్టలు, మూడంతస్తుల మెట్లు చాలవన్నట్టు ఇదొకటా అనుకున్నాను. ఇంటి యజమానురాలిని పనివాళ్లమంతా మామా అంటాం. ఆమె పెద్దకూతురు కాలేజీలో చదువుతుంది. నీలికళ్లు చూసి ముచ్చటపడి ఆ పిల్ల హస్కీని కొనుక్కొచ్చింది. మంచుదేశపు జాతి. కువైట్ ఎండలో మంచుకుక్క! తెచ్చేముందు ఒక్కరన్నా ఆ బొచ్చులో చెయ్యి పెట్టి చూశారా? మేపేది, కడిగేది, తిప్పేది చివరికి ఎవరో చెప్పాల్సిన పనిలేదు. నెల తిరిగేసరికి గొలుసు నా చేతికొచ్చింది.

పెరట్లో దానికో ఏసీ గది కట్టించారు. నా గదిలో ఏసీ చెడిపోతే బాగుచేసేవాడు వారానికి వచ్చాడు. దాని గదిలో చెడిపోతే గంటలో వచ్చాడు. కోపం వచ్చిన మాట నిజమే గానీ, నాలుక వేలాడేసి రొప్పుతుంటే చూడలేక తడిగుడ్డ తెచ్చి పొట్టకింద పరిచింది కూడా నేనే. ఎండాకాలం తెల్లవారుతుండగానే తిప్పి తెచ్చేయాలి. ముందు రోడ్డు మీద నా చెయ్యి ఆనించి చూసేదాన్ని, నేను ఓర్చుకోగలిగితేనే దాన్ని నడిపించేదాన్ని. ఎదురుగా పిల్లలొస్తే గొలుసు కురచ చేసి గోడవారకు తప్పుకోవాలి. తినేటప్పుడు దాని జోలికి పోకూడదు. ఇంట్లో చిన్నపాపను దానితో ఒంటరిగా వదలకూడదు. ఒకసారి పాప తోక పట్టి లాగితే అది గుర్రుమంది. ఆ రోజు తిట్లు కుక్కకు పడలేదు, పాపకు పడలేదు, అన్నీ నాకే పడ్డాయి.

దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు, నాకు నోరు తిరగలేదు. అబ్బీ అని పిలిచాను. మా రాయచోటి పక్క మగపిల్లలను అట్లాగే పిలుస్తాం. అది విని ఇంట్లోవాళ్లు పడీపడీ నవ్వారు. వాళ్ల భాషలో 'అబీ' అంటే 'నాకు కావాలి' అని అర్థమట. నేను పెరట్లో నిలబడి "అబ్బీ, అబ్బీ!" అని కేకేస్తే మామా కిటికీలోంచి "ష్తబీన్?" అని అరిచేది. ఏం కావాలే నీకు అని. రోజూ ఇదే వేళాకోళం. పిలిచీ పిలిచీ నాకు కూడా అది కుక్కన్న సంగతి మరుగునపడి, వాడైపోయాడు.

తిండి దగ్గరే వచ్చింది చిక్కు. వాడికి సంచిలోంచి కొలిచి పోసే గింజలు పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె. చూస్తే అచ్చం మేకపెంటికలే. నాకు అరబ్బీ చదవడం రాదని పెద్దకూతురు ఒక కాగితం మీద బొమ్మలు గీసి ఫ్రిజ్‌కు అంటించింది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్. ఒక్కోదాని మీద ఎర్రటి అడ్డగీతలు. ఇవి పెడితే కుక్కకు విషం అని అర్థం. ఉల్లిని మేం ఎర్రగడ్డ అంటాం. సరే తల్లీ, పెట్టను అన్నాను.

మధ్యాహ్నం పని ముగించుకుని వంటింటి గడప దగ్గర కూర్చుని సంగటి తినేదాన్ని. రాగిపిండి ఫహాహీల్‌లో మనవాళ్ల కొట్టు నుంచి ఇంటి డ్రైవరన్న తెచ్చిపెట్టేవాడు. నేను కంచం ముందు కూర్చోగానే అబ్బీ వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. అరవడు, మీదికి రాడు. ముద్ద ఎటు పోతే కళ్లు అటు. మా ఇళ్లలో నోరున్న జీవం ఎదురుగా చూస్తుంటే దానికో ముద్ద పెట్టకుండా తినరు. తింటే అరగదంటారు, దిష్టి అంటారు. నాకు దిష్టి భయమేం లేదు, సిగ్గేసేది. రెండు ముద్దలు కోడి పులుసులో అద్ది పెట్టేదాన్ని. కాగితం మర్చిపోలేదు, ఎర్రగడ్డ ముక్క కనపడితే వేలితో ఏరేసేదాన్ని. అసలు ముక్కలుండేదే తక్కువ, మేం ఎర్రగడ్డలు వేయించి మెత్తగా రుబ్బి పులుసులో కలుపుతాం. బొమ్మలో ఉండేది గడ్డ. నా పులుసులో గడ్డ లేదు. నా మట్టిబుర్రకు అంతవరకే తట్టింది.

రెండు నెలలు అట్లా జరిగింది. ఒక పొద్దున వాడు లేవలేదు. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, మూత్రం డికాక్షన్ రంగులో పోశాడు. పెద్దకూతురు ఏడుస్తోంది. డ్రైవరన్న కడపాయన, ఐదుపూటలా నమాజు చేసేవాడు. కుక్క నోరు తగిలితే ఏడుసార్లు కడుక్కోవాలని ఎప్పుడూ ఆమడదూరంలో నిలబడేవాడు. ఆ రోజు ఎవరూ అడక్కముందే చొక్కా చేతులు మడిచి, వాడిని రెండు చేతులా ఎత్తి కారులో నా ఒళ్లో పడుకోబెట్టాడు.

"పట్టుకో అమ్మీ, తల జారనియ్యాకు," అన్నాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు రక్తం తీసి చూశాడు. ఏం తిన్నాడని మామాను అడిగాడు. గింజలే అంది ఆమె. ఇంకేమైనా? ఏమీ లేదు. ఎలుకల మందు తిన్నాడేమో, అదైతే వైద్యం వేరు, తేలకుండా ఊరికే కూర్చుంటే చేయి దాటిపోతుంది అన్నాడు డాక్టరు. చదవడం రాకపోయినా వింటే నాకు అర్థమవుతుంది. డ్రైవరన్న నా మొహం చూసి పక్కకు పిలిచాడు.

"ఏం అమ్మీ, నువ్వేమన్నా పెట్టినావా వానికి?"

"సంగటే అన్నా, రొండు ముద్దలు. ఎర్రగడ్డ ముక్కలన్నీ ఏరేసినా."

"పులుసులో అద్దినావా?"

"అద్దినా. దాంట్లో రుబ్బిందే ఉంటాది గానీ..."

ఆ మాట నా నోట్లో ఉండగానే తట్టింది, రుబ్బినా ఎర్రగడ్డ ఎర్రగడ్డే.

"పోయి చెప్పు."

"చెప్తే నన్ను పంపించేస్తాదన్నా. ఈడ ఉండేదానికి ఇచ్చే కాగితం, ఆ ఇఖామా ఆయమ్మ చేతిలోనే కదా ఉండేది."

"చెప్పకపోతే వాడు పోతాడు. నీ ఇష్టం మళ్ల."

నీ ఇష్టం అని నా నెత్తిన పెట్టి ఆయన నిలబడ్డాడు. ఎంత కోపం వచ్చిందో ఆయన మీద! పోయి మామా ముందు నిలబడ్డాను. నాకు దొరికినవి రెండే మాటలు.

"బసల్, మామా. అనా."

ఉల్లిపాయ, నేనే అని. మామా నన్ను కొట్టలేదు, తిట్టలేదు, మొహం తిప్పుకుంది. రుబ్బిందైతే ఇంకా చెడ్డది, మొత్తం ఒంట్లో కలిసిపోతుంది అని డాక్టరు చెప్పి సెలైను పెట్టించాడు. వాడిని అక్కడే ఉంచుకున్నారు. డ్రైవరన్న బయట కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉండిపోయాడు.

మూడు రోజులు మామా నాతో మాట్లాడలేదు. నన్ను తెచ్చిన ఆఫీసుకు ఫోను చేసి ఇంకో మనిషి కావాలని చెప్పడం నా చెవులతో విన్నాను. బ్యాగు సర్దుకున్నాను. వాడు బతికితే చాలు దేవుడా అని మొక్కుకున్నాను. అబద్ధమెందుకు, నా పని పోకూడదని కూడా మొక్కుకున్నాను.

నాలుగో రోజు వాడిని తెచ్చారు. ముందుకాలి బొచ్చు గొరిగేశారు, మనిషి సగమయ్యాడు. ఇంట్లో తినిపించి తీరాలని డాక్టరు చెప్పాడట. పెద్దకూతురు గిన్నె పెట్టింది, మామా బుజ్జగించింది, వాడు మూతి తిప్పుకున్నాడు. నన్ను దగ్గరికి రావద్దన్నారు కాబట్టి గడప దగ్గరే నిలబడ్డాను. ఎంతసేపని నిలబడేది? నోరు జారింది.

"అబ్బీ!"

వాడు ఊగుతూ లేచి వచ్చి నా కాళ్ల మీద పడ్డాడు. మామా తిరిగి చూసింది.

"ష్తబీన్?" అంది.

ఈసారి అందులో వేళాకోళం లేదు. ఉంటావా, పోతావా, నీకేం కావాలో చెప్పు అని నిజంగా అడుగుతోంది. నాకు వచ్చిన అరబ్బీ అంతా ఎగిరిపోయింది. వాడి మెడ పట్టుకుని మళ్లీ అదే మాట అన్నాను. అబ్బీ అన్నానో, అబీ అన్నానో నాకే తెలియదు. ఏడ్చేశాను. మామా గింజల గిన్నెను కాలితో నా వైపు తోసింది.

"యల్లా, పెట్టు," అంది.

గుప్పిట్లో పెట్టుకుని ఒక్కో గింజే తినిపించాను. బ్యాగు మళ్లీ మంచం కిందికి పోయింది.

ఆ మరుసటి రోజు నుంచి నేను తలుపేసుకుని సంగటి తింటున్నాను. వాడు వచ్చి తలుపుకు ఆనుకుని పడుకుంటాడు, గోళ్ల చప్పుడు వినపడుతుంది. మొదటి ముద్ద ఇప్పటికీ గొంతు దిగదు.