మూడు కంప్యూటర్ల సారు

మా కంప్యూటర్ సారు పోయారన్న కబురు కాలేజీ వాట్సాప్ గ్రూపులో చూశాను. అందరికంటే ముందు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది మా కరస్పాండెంటు. నాలుగేళ్ల కిందట సారును ఉద్యోగంలోంచి గెంటింది కూడా ఆయనే. రోత పుట్టి ఫోను పక్కన పడేశాను.

మాది ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. నేను సారు దగ్గరే చదువుకుని, ఆయన కిందే ల్యాబులో పనికి చేరాను. మొదటి వరసలో ఆయన మూడు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టేవారు. ఒకదాంట్లో విండోస్, ఒకదాంట్లో లినక్స్, మూడోది ఎవరో ఇచ్చిపోయిన పాత మ్యాక్. ఏది భద్రమని కొత్త పిల్లలు ఏటా అడిగేవాళ్లు. ఆయన జవాబు చెప్పకుండా, దొరికిన ప్రోగ్రామునల్లా వాటిలో ఎక్కించమనేవారు. లినక్స్ పాస్‌వర్డ్ అడిగేది. ఇది ఎవరు చేసిందో తెలియదని మ్యాక్ మొరాయించేది. విండోస్ కూడా "సరేనా?" అని అడిగేది గానీ, పిల్లలు చదవకుండానే సరే నొక్కేవాళ్లు.

"విండోస్ వాడేవాళ్లు శానామంది, దొంగల కన్నూ దాని మీదే శానా. లినక్స్‌లో మామూలుగా వాడేవానికి యజమాని అధికారం ఉండదు, అదే దాని బలం. మ్యాక్‌కు కాపలా ఉండాది గానీ దానికీ రోగాలొస్తాయి. తాళం ఏదైతే ఏమప్పా, చెవి గడప మీద పెట్టి పోతాంటే?" అనేవారు. కళ్లద్దాలు పైకి తోసుకుని, సరే నొక్కినవాళ్లకు సున్నా వేసేవారు.

ఆఫీసులో అంతా దీనికి తలకిందులు. అక్కడ నడిచేది కొనకుండా ఎక్కించిన దొంగ విండోస్. అటెండరు నుంచి కరస్పాండెంటు దాకా అందరికీ ఒకే పాస్‌వర్డ్, అదీ మానిటరు అంచున కాగితం మీద. ఆడపిల్లల ఫోటోలు, ఫోను నంబర్లు అన్నీ అందులోనే. లినక్స్ పెడదామని సారు బతిమాలితే, "ఊరికే వచ్చేదానికి భద్రత ఏముంటాది సారూ?" అన్నాడు కరస్పాండెంటు. తను వాడేది దొంగ సరుకు! ఒకసారి వైరస్ వస్తే దిష్టి తగిలిందని ఆ గదికి బూడిద గుమ్మడికాయ కట్టించాడు. కంప్యూటర్‌కు బొట్టు కూడా పెట్టారు. పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. సిగ్గులేని మనుషులు.

కొన్నాళ్లకు ఆడపిల్లలకు ఎవరెవరో ఫోన్లు చెయ్యడం, వాళ్ల ఫోటోలే వాళ్లకు పంపడం మొదలైంది. ఒక పిల్లను తండ్రి చదువు మాన్పించాడు. గుమాస్తా సినిమాలు చూడ్డానికి పెట్టిన పెన్‌డ్రైవుతో ఆఫీసు కంప్యూటర్‌లోకి దూరిన వైరస్సే ఆ వివరాలను బయటికి పంపిందని సారూ నేనూ కనుక్కున్నాం. కాలేజీ చేసిన విచారణ కాగితంలో మాత్రం, ల్యాబులో లినక్స్ పెట్టిన సారు నిర్లక్ష్యమే కారణమని రాశారు. కింద సాక్షి సంతకం నాది. ఉద్యోగం పోతుందని పెట్టాను. వాళ్లను తిట్టి నన్ను వదిలేస్తే ఈ రాత కూడా రోతే.

సారు సొంతూరు వేంపల్లె పోయి జిరాక్సు అంగడి పెట్టుకున్నారు. ఒకసారి ధైర్యం చేసి పోతే టీ తెప్పించారు. "భయం శానా చెడ్డది పాపా. అది అడిగితే ఏ పాస్‌వర్డయినా చెప్పేస్తాం" అన్నారు.

నిన్న కాలేజీలో సంతాప సభ పెట్టారు. సారు మాకు భద్రత విషయంలో కళ్లు తెరిపించిన మహనీయుడని కరస్పాండెంటు గొంతు వణికించాడు. తరవాత ఆయన శాలువా కప్పబోతే, సభకు పిలిపించిన సారు భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది నాకొద్దప్పా. ఆయన తప్పు చేసినాడని రాసినారే, ఆ మాట తప్పని రాసియ్యండి. దాన్ని మోసుకొనే పోయినాడు మనిషి."

"అది పాత సిస్టంలో ఉండాదమ్మా, ఇప్పుడు తెరుచుకోదు. చూద్దాంలే" అన్నాడు. టిఫిన్లు వచ్చాయని జనం లేచారు.

నేను ఒక తెల్లకాగితం తీసుకుని, వివరాలు పోయింది ఆఫీసు కంప్యూటర్ నుంచేనని, విచారణ కాగితం మీద నేను పెట్టింది దొంగ సాక్షి సంతకమని రాసి, సంతకం చేసి ఆమెకిచ్చాను. ఆమె ప్రతి అక్షరం కిందా వేలు పెట్టి చదివింది. చివరికొచ్చి ఆగింది.

"తేదీ ఎయ్యలేదు. ఎయ్యి పాపా" అంది.

కాగితం ఆమె ఒళ్లోనే ఉంది. వంగి తేదీ వేస్తుంటే, నా పేరు కింద ఆమె పెట్టిన వేలు కదల్లేదు.