తిన్నాకే కబురు

రజాకార్ల కాలంలో స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా ఊరు విడిచి బొంబాయి చేరాం. నేనప్పుడు చిన్నపిల్లను. అక్కడ మా వైపు నుంచి వలస వచ్చినవాళ్లంతా ఒక గదిలో సంఘం పెట్టుకున్నారు. దాని కట్టుబాటు ఒకటే. ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు అన్నం పెట్టాలి, తిన్నాకే కబురు అడగాలి. అప్పట్లో వచ్చే కబుర్లు వింటే ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఒక ఆదివారం మరిపెడ నుంచి ఒకతను వచ్చాడు. రజాకార్లతో పోరాడటానికి అక్కడే ఉండిపోయిన మా మేనమామతో దళంలో కలిసి తిరిగినవాడు. ఆ రోజు వడ్డన అమ్మది. ఆమె మామకు అక్క అని తెలియగానే అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఆకలైతలేదక్కా," అన్నాడు తల వంచుకుని.

అమ్మ గరిటె పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

"తిను తమ్మీ. ఎప్పుడు తిన్నవో ఏమో. తిన్నంక చెప్పు," అంది.

అతను ఏడుస్తూనే తిన్నాడు. అమ్మ మారు వడ్డించింది. చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసింది. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని, "ఇగ చెప్పు," అంది.

తర్వాత తిరిగొచ్చి మా ఊరికి దగ్గర్లోని జనగామలో ఉండిపోయాం. ఆ సంఘం ఇప్పుడు లేదు. కానీ ఈనాటికీ ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు కంచం పెడతాను. వాళ్లు మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా నాకు ఊపిరాడదు.